భారతదేశమున గ్రాండ్ ప్రీ మోటారు పందెములు

మోటారు కార్ల పందెములలో ఒక దేశము తన పేర ఏటేట నడపు ప్రధానమైన పోటీని గ్రాండ్ ప్రీ యందురు. 1906 జూన్ మాసమున ఫ్రాన్సు దేశపు ఆటోమొబైల్ క్లబ్బువారు లె మాన్ పట్టణ పరిసరములందలి రోడ్లపై, చుట్టు ఒక్కింటికి 103 కిలోమీటర్ల చొప్పున, రెండు దినములలో 12 చుట్లుగా నడిపిన పోటీ ఈ సంప్రదాయమునకు ఆద్యము. అందు హంగరీ దేశమున జన్మించిన ఫెరెన్స్ సిస్ రెనో కారుపై గెలుపొందెను. 1922లో ఇటలీ దేశమున మిలాన్ క్లబ్బువారు మోంజా ఉద్యానమున పందెములకై ప్రత్యేకముగ బాట నిర్మించిరి. 1929లో మొనాకో క్లబ్బువారు తమ చిన్న రాజ్యపు వీధులనే పందెపు బాటగా మార్చిరి. 1950 మే 13 న ఇంగ్లండులోని సిల్వర్‌స్టన్‌లో, యుద్ధకాలపు విమానక్షేత్రమున, ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్పు ప్రారంభమైనది. ఆ దినమున ఆల్ఫా రోమియో కారుపై గెలిచిన ఫారీనా ఆ యేటి చివరకు ప్రథమ ప్రపంచ విజేత యయ్యెను.

ఈ పూర్వకథను ఇచట చెప్పుటకు కారణము కలదు. ఐరోపాలో గ్రాండ్ ప్రీకి పునాది వేసినవి ప్రభుత్వములు గావు, ధనికులైన గుత్తేదారులును గారు; మోటారుపై అభిమానము గల మనుష్యులు చందాలు వేసికొని స్థాపించిన క్లబ్బులు. ప్రభుత్వములు మారినను, యుద్ధములు వచ్చి పోయినను, ఆ క్లబ్బులు మరల పందెములను నిలుపుకొనగలిగినవి. భారతదేశమున 2011 మొదలు 2013 వరకు మూడు పర్యాయములు ఫార్ములా వన్ పందెమును, 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున ఒక పర్యాయము విద్యుత్ కార్ల పందెమును, అదే యేడు సెప్టెంబరులో నోయిడా వద్ద ఒక పర్యాయము మోటారు సైకిళ్ళ ప్రపంచ పందెమును జరిగి, ఏదియు స్థిరపడకుండుటకు మూలమును వెదకువాడు మొట్టమొదట ఈ భేదమును గుర్తింపవలెను.

విమానక్షేత్రముల కాలము

ద్వితీయ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట ఆంగ్లేయ సైన్యములు విడిచిపోయిన రన్‌వేలు మన దేశమున పలుచోట్ల నిరుపయోగముగ పడియుండెను. కలకత్తా సమీపమున బారక్‌పూరు, మద్రాసునకు ఉత్తరమున షోళవరము మన మోటారు పందెములకు తొలి రంగస్థలములైనవి. 1953లో స్థాపితమైన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు షోళవరమున ఏటేట పందెములు నడిపి, దక్షిణ దేశమున ఈ క్రీడకు ఒక ప్రేక్షక సమూహమును తయారుచేసినది. ఈ పందెములలో చాంధోక్, మాల్యా వంటి కుటుంబముల వారును, సంస్థానాధీశులును, కోయంబత్తూరు నూలుమిల్లుల యజమానులును ప్రముఖులు. విజయ్ మాల్యా ఎన్‌సైన్ అను ఫార్ములా వన్ కారును తెప్పించి షోళవరమున నడుపుట అప్పటివారు కథలుగ చెప్పుకొనిన సంగతి. కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్ అంతటితో తృప్తినొందక, మారుతి యంత్రముతో చవుకైన పందెపు కార్లను స్వయముగ నిర్మించి, ధనము లేని యువకునకు కూడ స్టీరింగు పట్టు అవకాశము కల్పించెను. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను; 2003లో కోయంబత్తూరు సమీపమున వెలసిన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరనే యున్నది. ఇంతకు ముందే, 1990లో, మద్రాసు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టై యందు తమ స్వంత బాట ఏర్పరచుకొనిరి. విమానక్షేత్రము పరులది, ఇది తమది. భారతదేశపు మోటారు పందెముల చరిత్రలో అతి ముఖ్యమైన కట్టడమేది యని యడిగిన, తరువాతి కాలమున వెలసిన మహా సర్క్యూటును గాక, ఈ చిన్న బాటనే ఈ వ్యాసకర్త చూపును.

ఈ బాటల పాఠశాలనుండియే కోయంబత్తూరునకు చెందిన నరేన్ కార్తికేయన్ బయలుదేరెను. ఆయన తండ్రి జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని పలుమారులు గెలిచిన వాడు. 2005లో ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీయందు జోర్డాన్ జట్టు పక్షమున దిగి నరేన్ ఫార్ములా వన్ పోటీలో పాల్గొనిన తొలి భారతీయుడయ్యెను. అదే యేట ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు ప్రమాదకరములని తేలి 14 కార్లు పందెమునుండి విరమింపగా, మిగిలిన ఆరింటిలో నాలుగవ స్థానము పొంది 5 పాయింట్లు గడించెను. 2010లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అదే సంవత్సరము మద్రాసు క్లబ్బు స్థాపకులలో నొకడైన ఇందు చాంధోక్ మనుమడు కరుణ్ చాంధోక్ హిస్పానియా జట్టున చేరి రెండవ భారతీయుడయ్యెను.

తెలుగు దేశమున, అందును ఉత్తర తెలంగాణమున, మోటారు మరొక మార్గమున వచ్చినది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెజనులకు మోటారు అనగా చిరకాలము ఆ బస్సే. పిదప సింగరేణి బొగ్గు లారీలు, ట్రాక్టర్లు వచ్చినవి. వేగమును వినోదముగ చూచు అవకాశము రాజధానిలో నుండెను గాని అది గుఱ్ఱములది. 1886లో మహబూబ్ అలీ పాషా కాలమున మలక్‌పేటకు తరలిన గుఱ్ఱపు పందెములు నేటికిని ఒక క్లబ్బు యాజమాన్యమున నడచుచున్నవి. మోటారు పందెములకు హైదరాబాదున అట్టి యాజమాన్యము ఎన్నడును ఏర్పడలేదు.

గోపనపల్లి ప్రయత్నము

ఫార్ములా వన్‌ను భారతదేశమునకు తెచ్చు ఆలోచన 1990 దశకపు చివర కలకత్తాను, ఆ పిమ్మట బెంగళూరును ఉద్దేశించి సాగి విఫలమైనది. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ప్రభుత్వము ఈ విషయమున ముందడుగు వేసి, హైదరాబాదు పడమటి దిక్కున గోపనపల్లి ప్రాంతమున స్థలము నిర్దేశించి, 2007 నాటికి పందెము నడపు ఉద్దేశముతో అవగాహన పత్రముపై సంతకము చేసినది. సైబరాబాదు నిర్మాణపు ఉత్సాహము ఉధృతముగ నున్న దినములవి; అంతర్జాతీయ పటమున నగరమును నిలుపుటకు పందెపు బాట యొక సాధనమని పాలకులు తలంచిరి. ఆ కాలముననే ఉత్తర తెలంగాణమున వర్షాభావముచేత పంటలు పోయి, బావులు ఎండి, చేనేత కుంటుపడి, సిరిసిల్లలో నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు దినపత్రికల నిండ వచ్చుచుండెను. ఈ రెండు వార్తలను ఒకే పత్రికలో చదివిన కరీంనగరము రైతునకు పందెపు బాటపై ప్రీతి కలుగుట కష్టము. 2004 ఎన్నికలలో ప్రభుత్వము మారినది. ప్రణాళిక అంతటితో సమసిపోయినది. కాగితముపై పుట్టి కాగితముపైననే గిట్టిన ఈ ప్రయత్నము, తరువాతి ఇరువది యేండ్లలో జరుగబోవు దానికి సూచకమైనది. పందెమునకు పెట్టని కోట యని తలపబడిన ప్రభుత్వ బలమే, ఆ ప్రభుత్వము దిగిపోయిన దినమున, పందెమునకు ఏకైక బలహీనతగ తేలినది.

బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూటు

2007 జూన్‌లో భారత ఒలింపిక్ సంఘాధ్యక్షుడు సురేశ్ కల్మాడీకిని, ఫార్ములా వన్ వ్యాపారాధిపతి బెర్నీ ఎక్లిస్టన్‌కును 2009లో ఢిల్లీ పరిసరమున పందెము జరుపుటకు ప్రాథమికాంగీకారము కుదిరినది. స్థల నిర్ణయమునందును నిర్మాణమునందును జాగు కలిగి అది 2011 నాటికి వాయిదాపడెను. ఉత్తరప్రదేశ్‌లోని గౌతమబుద్ధ నగర్ జిల్లాలో, గ్రేటర్ నోయిడా చెంత, జేపీ సంస్థవారు జర్మన్ శిల్పి హెర్మన్ టిల్కే రూపకల్పనలో 5.125 కిలోమీటర్ల బాటను 16 మలుపులతో నిర్మించిరి. చదునైన గంగాయమునల మైదానమున మట్టి పోయించి ఎత్తుపల్లములను కల్పించుటయు, మూడవ మలుపు దాటిన పిమ్మట కిలోమీటరునకు పైబడిన తిన్నని దారి నుంచుటయు, ప్రవేశ భాగములను వెడల్పుచేసి వెనుకనున్నవాడు ముందువానిని దాటుటకు వీలొనర్చుటయు ఇందలి ప్రత్యేకతలు. పదవ, పదునొకండవ మలుపులు ఒకటిగ కలిసి, లోపలికి వాలుగ, సుదీర్ఘముగ వంగియుండును. అచట కారు టైరు మీద ఎడతెగని ఒత్తిడి పడును.

సర్క్యూటు నిర్మాణమునకు చేర్చిన భూములవలననే తొలి వివాదము పుట్టినది. 2011 మే నెలలో, యమునా ఎక్స్‌ప్రెస్ మార్గమునకై భూసేకరణమును ప్రతిఘటించుచు భట్టా-పార్సౌల్ రైతులు చేసిన ఆందోళన రక్తపాతమునకు దారితీసినది. పందెమునకు ముందును పరిహారము చాలదని రైతులు హెచ్చరికలు చేయుచునే యుండిరి. మధ్య మానేరు జలాశయమునకై ఊళ్ళకు ఊళ్ళు ఖాళీచేసిన కరీంనగరమువారికిని, ఓపెన్‌కాస్టు గనులకు పొలములు వదలిన మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతములవారికిని ఈ వేదన ఏమియో వివరింపనక్కరలేదు. అయినను ఒక భేదమును వారు తప్పక పట్టుదురు. జలాశయమునుండి నీరు వచ్చును, గనినుండి బొగ్గు వచ్చును. పందెపు బాట సంవత్సరమున మూడు దినములు మాత్రమే కన్నుల విందు చేసి తక్కిన కాలము మౌనముగ నుండును. అందుచేత ఆ మూడు దినములకును ప్రజాసమ్మతి సంపాదించుట నిర్వాహకులకు మొదటి కర్తవ్యమై యుండవలసినది.

2011 అక్టోబరు 30 న తొలి భారత గ్రాండ్ ప్రీ జరిగినది. ఆ నెలలోనే వేరు పందెములలో అసువులు బాసిన డాన్ వెల్డన్, మార్కో సిమొన్సెల్లీలకు నివాళిగ మౌనము పాటించిన పిమ్మట, 60 చుట్ల పోటీ ప్రారంభమైనది. రెడ్‌బుల్ జట్టునకు చెందిన జర్మన్ యువకుడు సెబాస్టియన్ వెటెల్ మొదటి స్థానమునుండి బయలుదేరి, ఒక్క చుట్టయిన వెనుకబడక, 1 నిముషము 27.249 సెకనుల అత్యంత వేగవంతమైన చుట్టుతో సహా విజయము సాధించెను. రెండవవాడు జెన్సన్ బటన్, మూడవవాడు ఫెర్నాండో అలోన్సో. నరేన్ కార్తికేయన్ హిస్పానియా కారుపై 17వ స్థానమున ముగించెను. విజేతకు గళ్ళజెండా ఊపిన చేయి సచిన్ టెండూల్కరుది. తొంబదివేలకు మించిన జనము వచ్చినది. టెలివిజనులో ఆ దినమున కరీంనగరము వాడలలోను క్రికెట్టుకు సెలవు దొరకినది. మాల్యా అధీనమున నున్న ఫోర్స్ ఇండియా జట్టు పేర ఒక కారు తొమ్మిదవ స్థానమున నిలిచి, దేశీయ జట్టునకు స్వగృహమున పాయింట్లు గడించిపెట్టినది.

2012లోను వెటెల్‌దే గెలుపు. 2013 అక్టోబరు 27 న మరల గెలిచి, వరుసగ నాలుగవ పర్యాయము ప్రపంచ విజేతయై, ఆనందము పట్టలేక నియమమును త్రోసిపుచ్చి ప్రేక్షకుల యెదుట కారును గిరగిర త్రిప్పి, దిగి దాని యెదుట మోకరిల్లెను. ఆ అతిక్రమమునకు ఆయన జట్టునకు 25,000 యూరోల జరిమానా విధింపబడినది. టైర్ల పొగ ఆకాశమున చెదరుచుండ, గ్యాలరీలలోని వేలకొలది కుర్రవాండ్రు నిలుచుండి చేసిన హర్షధ్వానమును టెలివిజనులో విన్నవారికి, మన దేశమున ఈ క్రీడకు ప్రేక్షకులు కలరా యన్న సందేహము మరల కలుగరాదు. మూడు పందెములును ఒక్క మనిషియే గెలుచుట భారత గ్రాండ్ ప్రీకి విచిత్రమైన ఏకరూపతను ఇచ్చినది.

సుంకములు, న్యాయస్థానములు

పందెము ఆగుటకు కారణము ట్రాక్ గాదు, జనము గాదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము ఫార్ములా వన్‌ను క్రీడగ గాక వినోదముగ పరిగణించినది. అయినను దానికి వినోదపు పన్నునుండి మినహాయింపు నిచ్చుట అన్యాయమని వచ్చిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, 2011 పందెమునకు ముందే, టిక్కెట్ల రాబడిలో నాలుగవ వంతును ప్రత్యేక ఖాతాలో నుంచుమని ఆదేశించినది. విదేశములనుండి తెచ్చు కార్లకు, టైర్లకు, యంత్రభాగములకు, అవి మరల తరలిపోవునవే యైనను, కస్టమ్స్ విషయమున చిక్కులు ఎదురయ్యెను. 2014 నాటి పందెమును వాయిదా వేసి 2015లో జరుపుదుమని చెప్పిరి గాని అది జరుగలేదు.

ఆదాయపు పన్ను వివాదము అంతకంటె దీర్ఘమైనది. 2011 సెప్టెంబరు 13 నాటి ఒప్పందము ప్రకారము జేపీ సంస్థ ఫార్ములా వన్ సంస్థకు ఏటేట పెద్ద మొత్తమును చెల్లింపవలసి యుండెను. ఆ సొమ్ముపై భారతదేశమున పన్ను విధింపవచ్చునా యన్నది ప్రశ్న. పందెము మూడు దినములే గదా, అంత స్వల్పకాలపు ఉనికిని స్థిర వ్యాపారస్థలముగ నెట్లు గణింతురని ఫార్ములా వన్ వాదము. 2017 ఏప్రిల్ 24 న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌లు ఈ వాదమును అంగీకరింపలేదు. ఆ దినములలో సర్క్యూటు సమస్తము ఫార్ములా వన్ అధీనముననే యుండునని, అందుచేత అది ఈ దేశమున ఆ సంస్థకు స్థిర వ్యాపారస్థలమే యగునని తీర్పు చెప్పిరి. ఈ తీర్పు మోటారు పందెములను దాటి అంతర్జాతీయ పన్నుల శాస్త్రమున ప్రమాణముగ నిలిచినది. ఫార్ములా వన్ వెడలిపోయిన తరువాత దాని జాడ మన దేశమున మిగిలినది బాటపై కంటె న్యాయగ్రంథములలోనే యెక్కువ.

జేపీ సంస్థ అప్పులలో మునిగినది. 2020 ఫిబ్రవరిలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే పారిశ్రామికాభివృద్ధి సంస్థ, బకాయిలు చెల్లింపనందున, సర్క్యూటు సహితమైన సుమారు వేయి హెక్టార్ల భూకేటాయింపును రద్దుచేసినది. 2023 సెప్టెంబరులో ఆ బాటపైననే మోటారు సైకిళ్ళ ప్రపంచ పందెము జరిగి, ఇటలీ యువకుడు మార్కో బెజెక్కీ గెలుపొందెను. మరుసటి యేడు అదియు రాలేదు.

హైదరాబాదు ఈ-ప్రీ

తెలంగాణ ప్రభుత్వము 2020లో విద్యుత్ వాహనముల విధానమును ప్రకటించినది. 2022 జనవరి 17 న నాటి పురపాలక, పరిశ్రమల శాఖామాత్యుడు, కరీంనగరము జిల్లానుండి విడివడిన సిరిసిల్ల నియోజకవర్గపు శాసనసభ్యుడు, కె. తారక రామారావు సమక్షమున, విద్యుత్ కార్ల పందెములు నడపు ఫార్ములా ఈ సంస్థతో ఉద్దేశ పత్రము కుదిరినది. ఆ యేడు చివరనే హుస్సేన్ సాగరపు ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగు పోటీలు జరిపి వీధులను పరీక్షించిరి. తొలి పర్యాయము ప్రమాదముల చేతను జాప్యముల చేతను పోటీ పూర్తికాలేదు. తప్పులను సరిదిద్దుకొని 2023 ఫిబ్రవరి 11 న, శనివారమున, అసలు పందెము నడిపిరి.

బాట 2.835 కిలోమీటర్లు, 18 మలుపులు. ఎన్.టి.ఆర్. మార్గము వెంబడి సాగరపు గట్టుననే సాగి, లుంబినీ వనమును, నిర్మాణపు తుదిమెరుగులలో నున్న సచివాలయమును చుట్టి, ఐమాక్స్ వైపు వచ్చును. సాగరము మధ్యనున్న బుద్ధవిగ్రహము ఒక వైపునుండి ప్రేక్షకులకు కనుపించుచుండెను. 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున త్రవ్విన ఆ చెరువు ఒడ్డున, జూబిలీ బస్ స్టేషనులో దిగి వచ్చిన కరీంనగరము, ఆదిలాబాదు కుర్రవాండ్రు కంచెల వెలుపల చెట్లెక్కియు, మేడలెక్కియు చూచిరి.

ఈ కార్ల విషయమును ఇంచుక విపులముగ చెప్పవలసి యున్నది. ఆ యేడు ప్రవేశపెట్టిన మూడవ తరపు కారు డ్రైవరుతో కూడ 850 కిలోల ప్రాంతపు బరువు గలది. దాని మోటారు శక్తి 350 కిలోవాట్లు. బ్రేకు వేయునపుడు ముందు, వెనుక మోటార్లు కలిసి 600 కిలోవాట్ల వరకు శక్తిని మరల బ్యాటరీకి చేర్పగలవు. వెనుక చక్రములకు మామూలు బ్రేకులే లేవు. నిర్మల్ మీదుగ ఆదిలాబాదు రోడ్డున మహబూబ్ ఘాటు దిగు లారీ డ్రైవరుకు బ్రేకులు కమరిన వాసన చిరపరిచితము. లోడు దిగజారు వేగమంతయు వేడియై, ఆ వాసనయై, గాలిలో కలిసిపోవును. ఫార్ములా ఈ కారులో ఆ వేగమే కరెంటుగ మారి తిరిగి బ్యాటరీలో పడును. పందెమున వాడు శక్తిలో కనీసము నలుబది శాతము ఇట్లు వెనుకకు రాబట్టుకొనినదే. అందుచేత ఈ పందెము గెలుచువాడు కాలు నొక్కిపట్టువాడు గాడు. ఏ మలుపునకు ముందు ఎంత దూరమున కాలు తీయవలెనో, చివరి చుట్టున ఎంత శక్తి మిగిలియుండవలెనో లెక్కగట్టగలవాడు. దీనికి తోడు నిర్ణీతమైన మలుపు వెలుపలి గీటుమీదుగ పోయినవానికి కొంత కాలము అధిక శక్తి లభించు ఏర్పాటు కలదు. దానికై నిలుపుకొనిన స్థానమును ఒక క్షణము వదలుకొనవలెను.

ఆ దినమున ప్రథమ స్థానమునుండి బయలుదేరిన న్యూజీలాండు దేశీయుడు మిచ్ ఎవాన్స్. జాగ్వార్ జట్టువాడే యైన సామ్ బర్డ్ ఇరుకైన మలుపు వద్ద ఆయనను ఢీకొనగా, ఒకే జట్టు వారిరువురును పందెమునుండి తప్పుకొనవలసి వచ్చినది. రెండు పర్యాయములు ఫార్ములా ఈ చాంపియనైన ఫ్రెంచి డ్రైవరు జాన్-ఎరిక్ వెర్న్ ముందునకు వచ్చి, తనకంటె ఎక్కువ శక్తి మిగుల్చుకొనిన నిక్ కాసిడీని కడపటి చుట్లలో ప్రతి మలుపు నడుమకు జరిగి అడ్డుకొని, అర సెకనుకు లోపు తేడాతో గెలిచెను. మూడవవాడుగ గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి నియమమునకు మించి శక్తి వాడినందుకు 17 సెకనుల శిక్ష పడగా, ఆ స్థానము తన నూరవ పందెమున పాల్గొనుచున్న పోర్చుగీసు దేశీయుడు ఆంటోనియో ఫెలిక్స్ డకోస్టాకు దక్కెను. ట్రాక్టరు రూపమున మన పల్లెల నెరిగిన మహీంద్రా కంపెనీ జట్టు కారును ఒలివర్ రోలండ్ ఆరవ స్థానమునకు చేర్చెను. ఫార్ములా ఈ 2014లో బీజింగులో ప్రారంభమైన నాటినుండియు ఉన్న ఏకైక భారతీయ జట్టు ఇది. జహీరాబాదులో ఆ కంపెనీ ట్రాక్టర్ల కర్మాగారము నున్న తెలంగాణకు అది గర్వకారణమే.

ఈ పందెము విద్యుత్ వాహనముల ప్రచారమునకై తెచ్చినది గనుక, ఆ కరెంటు ఎచటిదో చెప్పుట ఉత్తర తెలంగాణపు వానికి కర్తవ్యము. రేపు హైదరాబాదు వీధులలో తిరుగబోవు విద్యుత్ ఆటోలకు, కార్లకు కావలసిన కరెంటులో అధికభాగము సింగరేణి బొగ్గుతో మండు కేంద్రములనుండి వచ్చునది. రామగుండమున 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రమును, మంచిర్యాల జిల్లా జైపూరులో 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రమును ఈ నేలపైననే యున్నవి. బూడిద రాలునది కరీంనగరము, ఆదిలాబాదుల పైరులపైననే. రామగుండము జలాశయముపై 2022లో పూర్తియైన 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము శుభసూచకమే గాని, అది కేవలము ఆరంభము. విద్యుత్ పందెమును స్వాగతించువారు ఈ లెక్కను కూడ దృష్టియందుంచుకొనవలెను.

రద్దు, తదనంతరము

మొదటి పందెమును నిర్వహించిన ప్రైవేటు సంస్థ పిమ్మట తప్పుకొనగా, రెండవ సంవత్సరమునకు పురపాలక శాఖ బాధ్యత వహించుచు 2023 అక్టోబరు 30 న ఒప్పందము కుదుర్చుకొనినది. 2024 ఫిబ్రవరి 10 న పందెము జరుగవలసి యుండెను. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మారినది. క్రొత్త ప్రభుత్వము ఒప్పందమును నిర్వర్తింపదని తెలియవచ్చినందున పందెమును రద్దుచేయుచున్నట్లు 2024 జనవరి 5 న ఫార్ములా ఈ సంస్థ ప్రకటించినది. నిర్వాహకులకు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ద్వారా చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల విషయమున నియమోల్లంఘనము జరిగినదన్న ఆరోపణపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ మాజీ మంత్రి రామారావుపై కేసు నమోదుచేసినది. ఆరోపణలను ఆయన తిరస్కరించిరి. ఇది న్యాయవిచారణకు సంబంధించిన విషయము.

గుణదోషములు తేలవలసినది న్యాయస్థానమున. చరిత్ర దృష్టితో చూచిన, 2003 నాటి గోపనపల్లి ప్రణాళికకును, 2024 నాటి రద్దునకును గల సాదృశ్యము విస్మరింపరానిది. రెండు సందర్భములందును పందెమును పిలిచినది ఒక ప్రభుత్వము. ఎన్నికలతో అది దిగిపోగా, వచ్చినవారికి ఆ పందెముతో సంబంధము లేకపోయినది. నోయిడాలో పందెము ఒక వ్యాపార సంస్థ ఐశ్వర్యముపై ఆధారపడి, ఆ ఐశ్వర్యముతోపాటు క్షీణించినది. మధ్యలో ఏ క్లబ్బును, ఏ సభ్యుల సంఘమును ఆ భారమును తన భుజములపై వేసికొని నిలుచుటకు సిద్ధముగ లేకపోయెను. పందెము వద్దనువారికి ప్రజాధనపు వాదము కలదు; అది న్యాయమైన వాదమే. కావలెననువారు ఆ వాదమునకు జవాబుగ టిక్కెట్టుదారులతో, చందాదారులతో, ట్రాక్ యజమానులతో కూడిన స్వతంత్రమైన సంస్థను చూపవలసి యున్నది. అట్టిది ఇచట లేదు.

ప్రస్తుత స్థితి

దేశమున మోటారు పందెములు మరల పాత స్థానములకే చేరినవి. ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను జాతీయ చాంపియన్‌షిప్పు ఏటేట సాగుచున్నది. 2023 డిసెంబరులో తుపాను కారణముగ ఆగిన చెన్నై వీధి పందెము 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఐలండ్ గ్రౌండ్స్ చుట్టును రాత్రి దీపముల వెలుగున జరిగినది. ఇండియన్ రేసింగ్ లీగులో హైదరాబాదు పేర ఒక జట్టు కలదు. 2023లో దానిని సినీనటుడు నాగచైతన్య తీసికొనెను. హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయిలో పేరు గడించెను. బెంగళూరుకు చెందిన కుశ్ మైనీ 2025లో మొనాకోలో ఫార్ములా టూ స్ప్రింట్ పందెమును గెలిచి, ఆ వీధులలో విజయము పొందిన తొలి భారతీయుడయ్యెను.

కరీంనగరమునుండిగాని ఆదిలాబాదునుండిగాని పందెపు డ్రైవరు కాగోరువాడు నేడు ముందుగ హైదరాబాదు శివారుల కార్టింగు బాటలపై చేయి త్రిప్పుకొని, పిదప భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య యొద్ద అనుమతిపత్రము పొంది, తమిళనాడులోని బాటలలో ఒకదానికి పోయి, అచటి శిక్షణ పాఠశాలలో చేరి, కారు అద్దె, టైర్లు, మరమ్మతులు, ప్రయాణపు ఖర్చులు తానే భరింపవలెను. తెలంగాణమున అంతర్జాతీయ ప్రమాణములు గల శాశ్వత బాట ఒకటియు లేదు. ఒక్క రోజు పందెమునకై వెచ్చించిన సొమ్ములో కొంత భాగముతోనైన జిల్లా కేంద్రములందు కార్టింగు బాటలు వేయించి, పాలిటెక్నిక్ విద్యార్థులకు పందెపు యంత్రముల మరమ్మతు నేర్పించి, వారితో ఒక క్లబ్బు కట్టించిన యెడల అది గోపనపల్లికంటెను, హుస్సేన్ సాగరముకంటెను దృఢమైన ప్రారంభమగును.